గల్ఫ్‌లో ఉద్రిక్తత... సీపత్‌పై భారం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపాన మోహభట్ఠాలో 2025 మార్చి 30న జరిగిన సభలో ప్రధాని నరేంద్ర మోదీ ఒకే వేదిక మీది నుంచి పలు ఇంధన పథకాలకు శంకుస్థాపన చేశారు. వాటిలో మూడు మన చర్చకు ముఖ్యం. మొదటిది సీపత్ థర్మల్ కేంద్రం మూడో దశ. 9,790 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో నిర్మించే 800 మెగావాట్ల బొగ్గు యూనిట్ ఇది. రెండోది కొరియా, సూరజ్‌పూర్, బలరాంపూర్, సర్గుజా జిల్లాల్లో భారత్ పెట్రోలియం వేసే సిటీ గ్యాస్ నెట్‌వర్క్. మూడోది హిందుస్థాన్ పెట్రోలియం వారి 540 కిలోమీటర్ల విశాఖ-రాయ్‌పూర్ పైప్‌లైన్. విశాఖ నుంచి పెట్రోలు, డీజిలు, కిరోసిన్ ఆ గొట్టంలో మధ్య భారతానికి చేరతాయి.

దేశ ఇంధన వినియోగంలో సహజవాయువు వాటా ఇప్పుడు ఆరు శాతం చుట్టూ ఉంది. దాన్ని 2030 నాటికి 15 శాతానికి పెంచుతామన్నది కేంద్రం ప్రకటించిన లక్ష్యం. అదే కేంద్రం సీపత్‌లో మరో భారీ బొగ్గు యూనిట్‌కు పునాదిరాయి వేసింది. పైకి ఇది పరస్పర విరుద్ధంగా కనిపిస్తుంది. కానీ దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం ఓడల్లో వస్తోందనీ, ఆ ఓడలు వచ్చే దారులు ఎప్పుడు మూసుకుంటాయో ఎవరూ చెప్పలేరనీ గుర్తుంచుకుంటే ఈ వైరుధ్యం వెనక ఉన్న లెక్క అర్థమవుతుంది. దిగుమతి గ్యాస్‌కు మనం రాయించుకున్న అసలు బీమా పాలసీ సీపత్ లాంటి బొగ్గు కేంద్రాలే. ఆ బీమాకు ప్రీమియం ఎవరు కడుతున్నారు, అది ఏ నష్టానికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అన్నవే దేశ భద్రత కోణంలో తేల్చుకోవలసిన ప్రశ్నలు.

సీపత్‌ను ఓడల్లో కొలిస్తే...

బిలాస్‌పూర్ పేరు తెలుగువారికి కొత్తది కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడి రైల్వే కాలనీల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం, కోల్ ఇండియా అనుబంధ సంస్థ ఎస్ఈసీఎల్ ప్రధాన కార్యాలయం రెండూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. అక్కడికి దగ్గరలోనే ఉంది సీపత్. ఎన్‌టీపీసీ అక్కడ 2,980 మెగావాట్ల కేంద్రాన్ని నడుపుతోంది. 500 మెగావాట్ల యూనిట్లు రెండు, 660 మెగావాట్ల యూనిట్లు మూడు. ఈ 660 మెగావాట్ల యూనిట్లతోనే ఎన్‌టీపీసీ సూపర్ క్రిటికల్ సాంకేతికతలోకి అడుగుపెట్టింది. వాటి బాయిలర్లు దక్షిణ కొరియావి, టర్బైన్లు రష్యావి. బొగ్గు మాత్రం పక్కనే కోర్బా జిల్లాలోని దీప్‌కా గని నుంచి ఎన్‌టీపీసీ సొంత రైలు మార్గంలో వస్తుంది. నీరు హస్‌దేవ్ కుడి కాలువది.

పూర్తి సామర్థ్యంతో నడిస్తే సీపత్ రోజుకు ఏడు కోట్ల యూనిట్ల కరెంటు ఇస్తుంది. యూనిట్‌కు రమారమి 650 గ్రాముల బొగ్గు చొప్పున చూస్తే రోజుకు 45 వేల టన్నుల పైమాటే. ఇదే కరెంటును గ్యాస్‌తో తీయాలంటే ఏడాదికి సుమారు 40 లక్షల టన్నుల ఎల్‌ఎన్‌జీ కావాలి. మామూలు ఎల్‌ఎన్‌జీ నౌక ఒక విడతలో 70 వేల టన్నుల దాకా మోస్తుంది. అంటే ఈ ఒక్క కేంద్రం కోసమే వారానికి ఒకటికి పైగా నౌక మన తీరానికి రావాలి. దేశమంతా కలిపి ఏటా దిగుమతి చేసుకునే ఎల్‌ఎన్‌జీ రెండున్నర కోట్ల టన్నుల చుట్టుపక్కల ఉంటుంది. అందులో ఆరో వంతు సీపత్ ఒక్కటే మింగేస్తుందన్నమాట.

ధర సంగతి చూద్దాం. గని పక్కనే ఉన్న ఇలాంటి కేంద్రాల్లో యూనిట్‌కు ఇంధన ఖర్చు రెండు రూపాయల చుట్టూ ఉంటుంది. ఎల్‌ఎన్‌జీ ధర పది పన్నెండు డాలర్లున్నప్పుడు, పన్నులు, రవాణా కలపకుండానే, గ్యాస్ కరెంటుకు ఆరేడు రూపాయలవుతుంది. అసలు చిక్కు ఆ ధర నిలకడగా ఉండకపోవడం. కొవిడ్ తొలి నెలల్లో, 2020 వేసవిలో, ఆసియా స్పాట్ మార్కెట్లో ఎల్‌ఎన్‌జీ రెండు డాలర్ల దరికి పడిపోయింది. 2022 ఆగస్టుకల్లా 50 డాలర్లు దాటింది. ఆ ధరకు గ్యాస్ కొని కరెంటు తీస్తే యూనిట్‌కు పాతిక రూపాయలకు పైనే. ఏ డిస్కమ్ అయినా ఆ బిల్లు కట్టగలదా?

గోదావరి తీరాన నేర్చిన పాఠం

గ్యాస్ మీద పెట్టుకున్న ఆశ ఎలా తలకిందులవుతుందో తెలుగువారికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. దాన్ని నమ్ముకుని గోదావరి, కృష్ణా జిల్లాల్లో విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి, గౌతమి, కోనసీమ, రాజమహేంద్రవరం... పేర్ల జాబితా పెద్దదే. అయితే క్షేత్రం అంచనాలను అందుకోలేదు. ఉత్పత్తి ఏటికేడాది దిగజారింది. 2013 మార్చి నాటికి విద్యుత్ కేంద్రాలకు డీ6 గ్యాస్ పూర్తిగా ఆగిపోయింది. ఎరువులకు, ఇళ్లకు ముందు ఇవ్వాలన్న కేంద్ర ప్రాధాన్య క్రమంలో విద్యుత్తుకు మిగిలింది సున్నా.

కోట్ల రూపాయల బ్యాంకు అప్పులతో కట్టిన యంత్రాలు తుప్పు పట్టాయి. సామర్లకోటలో తలపెట్టిన 2,400 మెగావాట్ల కేంద్రం కోసం తెచ్చిన యంత్రసామగ్రిలో కొంత భాగం చివరకు బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్ ప్రాజెక్టుకు తరలిపోయింది. మూతబడ్డ కేంద్రాలకు దిగుమతి గ్యాస్ ఇచ్చి, నష్టాన్ని సబ్సిడీతో పూడ్చే పథకాన్ని కేంద్రం 2015లో తెచ్చింది. అది రెండేళ్లే నడిచింది. 2024లో దేశంలో సుమారు 25 వేల మెగావాట్ల గ్యాస్ విద్యుత్ సామర్థ్యం ఉండేది. మొత్తం కరెంటులో గ్యాస్ వాటా మాత్రం రెండు మూడు శాతమే. ఆ లోటును పూడ్చింది బొగ్గే. 2013 డిసెంబరు 31న రాయచూర్-సోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌లో కలిసింది. ఆ తర్వాత మధ్య భారతపు బొగ్గు కరెంటు దక్షిణాదికి ప్రవహించడం తేలికైంది. రాష్ట్ర విభజన తర్వాత కరెంటు కొరత ఎదుర్కొన్న తెలంగాణ వెయ్యి మెగావాట్ల కోసం ఒప్పందం చేసుకున్నదీ ఛత్తీస్‌గఢ్‌తోనే. ఆ ఒప్పందంపై తర్వాత రాజకీయ వివాదం రేగింది, విచారణ కమిషన్ కూడా ఏర్పడింది. వివాదం మాట ఎలా ఉన్నా, గోదావరి గ్యాస్ ఇవ్వలేని కరెంటు కోసం తెలుగు నేల ఛత్తీస్‌గఢ్ బొగ్గు వైపు చూసిందన్నది వాస్తవం.

సంతకం ఉన్నా సరుకు రాలేదు

దేశీయ గ్యాస్ దెబ్బతీసింది, దీర్ఘకాల దిగుమతి ఒప్పందాలుంటే బెంగ ఉండదు అనుకున్నవారికి 2022 మరో పాఠం చెప్పింది. రష్యా సంస్థ గాజ్‌ప్రోమ్‌కు సింగపూర్‌లో ఉన్న వాణిజ్య విభాగంతో గెయిల్ 2012లో 20 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ఏడాదికి 25 లక్షల టన్నులతో మొదలైన ఒప్పందమది. 2018లో తొలి నౌక వచ్చింది. సింగపూర్ విభాగం కాగితాల మీద గాజ్‌ప్రోమ్ జర్మనీ అనుబంధ సంస్థ కింద ఉండేది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 ఏప్రిల్‌లో జర్మనీ ప్రభుత్వం ఆ అనుబంధ సంస్థను తన అధీనంలోకి తీసుకుంది. బదులుగా మే నెలలో రష్యా దానిపై ఆంక్షలు పెట్టింది. దాంతో రష్యా గ్యాస్ దానికి అందడం మానేసింది. అది గెయిల్‌కు పంపడం మానేసింది.

ఈ తగవు రష్యాకూ జర్మనీకీ మధ్య. భారత్ ఎవరి పక్షానా లేదు. పైగా రష్యాతో స్నేహం చెడకుండా కాపాడుకున్న దేశం మనది. అయినా నౌకలు రాలేదు. గెయిల్ ఇక్కడ ఎరువుల కర్మాగారాలకూ, పరిశ్రమలకూ కోత పెట్టవలసి వచ్చింది. లండన్ మధ్యవర్తిత్వంలో గెయిల్ 180 కోట్ల డాలర్లకు పైగా పరిహారం కోరింది. 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఒప్పందంలో రాసుకున్న జరిమానా కొరత వచ్చిన రోజున గ్యాస్‌ను తెచ్చిపెట్టదని ఈ ఉదంతం రుజువు చేసింది.

అదే ఏడాది పొరుగు దేశాల అనుభవం మరింత చేదుగా ఉంది. రష్యా పైప్‌లైన్ గ్యాస్ తగ్గిన ఐరోపా ఎంత ధరకైనా కొనడానికి సిద్ధపడింది. ఆసియాకు రావలసిన నౌకలు అటు మళ్లాయి. బంగ్లాదేశ్ 2022 జూలై నుంచి స్పాట్ కొనుగోళ్లు ఆపేసి రోజువారీ కరెంటు కోతలు ప్రకటించింది. పాకిస్థాన్ టెండర్లు పిలిచినా అమ్మేవారు ముందుకు రాని పరిస్థితి ఎదురైంది. ఆ రెండు దేశాలూ విద్యుత్తుకు గ్యాస్ మీద గట్టిగా ఆధారపడ్డవే. భారత్ కూడా ఆ ఏడాది ఎల్‌ఎన్‌జీ దిగుమతులు బాగా తగ్గించుకుంది. కానీ దేశం చీకటిలో పడలేదు. సీపత్, కోర్బా, వింధ్యాచల్, రామగుండం నిలబెట్టాయి.

హోర్ముజ్ అనే ఇరుకు సందు

మన ఎల్‌ఎన్‌జీలో సింహభాగం ఖతార్‌ది. పెట్రోనెట్‌కు ఏడాదికి 75 లక్షల టన్నులు ఖతార్ ఇవ్వాలన్నది 1999 నాటి ఒప్పందం; సరఫరా 2004లో మొదలైంది. 2028తో ముగిసే ఆ ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో మరో 20 ఏళ్లు, అంటే 2048 వరకు, పొడిగించారు. ఖతార్ నుంచి బయలుదేరే ప్రతి ఎల్‌ఎన్‌జీ నౌకా హోర్ముజ్ జలసంధి దాటి రావలసిందే. ప్రపంచ ఎల్‌ఎన్‌జీ వాణిజ్యంలో ఐదో వంతు సాగేది ఆ ఇరుకు దారిలోనే. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ పన్నెండు రోజుల పాటు పోరాడినప్పుడు జలసంధిని మూసేయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానించింది. మరుసటి రోజే ఖతార్‌లోని అల్ ఉదెయిద్ అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది. మనకు గ్యాస్ అమ్మే దేశమే క్షిపణుల పరిధిలోకి వచ్చిందన్నమాట.

చమురుకు సౌదీకీ, ఎమిరేట్స్‌కూ హోర్ముజ్‌ను తప్పించుకునే పైప్‌లైన్లు కొన్ని ఉన్నాయి. ఖతార్ ఎల్‌ఎన్‌జీకి అటువంటి పక్కదారి లేదు. మిగతా దారులకూ వాటి చిక్కులు వాటికున్నాయి. అమెరికాలోని సబైన్ పాస్, కోవ్ పాయింట్ టెర్మినళ్ల నుంచి గెయిల్‌కు ఏటా 58 లక్షల టన్నుల ఒప్పందాలున్నాయి. ఎర్ర సముద్రంలో హూతీల దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. మొజాంబిక్ గ్యాస్ క్షేత్రంలో భారత ప్రభుత్వ రంగ సంస్థలకు కలిపి 30 శాతం వాటా ఉంది. 2021లో తీవ్రవాదులు పాల్మా పట్టణం మీద పడ్డాక అక్కడి పనులు నిలిచిపోయాయి. ఇరాన్ నుంచి పాకిస్థాన్ మీదుగా వేద్దామనుకున్న పైప్‌లైన్ నుంచి మనం ఎప్పుడో తప్పుకున్నాం. తుర్క్‌మెనిస్థాన్ నుంచి అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ దాటి రావలసిన తాపీ పైప్‌లైన్‌కు 2015లో భూమిపూజ జరిగినా గ్యాస్ మన దాకా రాలేదు.

ప్రత్యామ్నాయం ఉన్న కొనుగోలుదారుకే బేరమాడే శక్తి ఉంటుంది. 2015లో స్పాట్ ధరలు పడిపోయినప్పుడు పెట్రోనెట్ ఖతార్ నుంచి ఒప్పందం కన్నా తక్కువ గ్యాస్ తీసుకుంది. ఆ ఏడాది చివర ధరను దాదాపు సగానికి తగ్గించేందుకు ఖతార్ ఒప్పుకుంది. సుమారు 12 వేల కోట్ల రూపాయల జరిమానానూ వదులుకుంది. మార్కెట్లో చవక గ్యాస్ దొరకడం అందుకు మొదటి కారణం. గ్యాస్ లేకపోయినా దేశంలో దీపాలు వెలుగుతాయన్న ధీమా అలాంటి బేరంలో కూర్చునేవారికి అదనపు బలం.

ప్రీమియం కట్టేదెవరు?

ఈ బీమా ఉచితం కాదు. 2022 ఏప్రిల్‌లో ఎండలు ముందే ముదిరాయి. కరెంటు వాడకం పెరిగింది. ఉక్రెయిన్ యుద్ధంతో దిగుమతి బొగ్గూ ఎల్‌ఎన్‌జీ రెండూ మండిపోవడంతో తీరప్రాంత కేంద్రాలు, గ్యాస్ కేంద్రాలు ఉత్పత్తి తగ్గించుకున్నాయి. భారమంతా దేశీయ బొగ్గు మీద పడింది. సీపత్‌కు గని పక్కనే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. దూరంగా ఉన్న కేంద్రాలకు మాత్రం ఛత్తీస్‌గఢ్ బొగ్గు బిలాస్‌పూర్ మీదుగా రైళ్లలోనే పోవాలి. బొగ్గు రైళ్లకు దారి ఇవ్వడానికి రైల్వే శాఖ వందలాది ప్రయాణికుల రైలు సర్వీసులను రద్దు చేసింది. ఛత్తీస్‌గఢ్ మీదుగా నడిచే రైళ్లు పెద్ద సంఖ్యలో రద్దవడంతో అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అభ్యంతరం తెలిపారు. తర్వాత కొన్నింటిని పునరుద్ధరించారు. మే నెల మొదట్లో కేంద్రం విద్యుత్ చట్టం 11వ సెక్షన్ కింద దిగుమతి బొగ్గు కేంద్రాలన్నీ పూర్తి సామర్థ్యంతో నడవాలని ఆదేశించింది.

అంటే నల్లసముద్రం ఒడ్డున మొదలైన యుద్ధం, ఎండతో కలిసి, బిలాస్‌పూర్ ప్లాట్‌ఫాం మీద సామాన్య ప్రయాణికుడి టికెట్‌ను రద్దు చేసింది. పరీక్షకు పోయే విద్యార్థి, ఆస్పత్రికి పోయే రోగి, కూలికి పోయే మనిషి ఆ ప్రీమియంలో ఒక వాయిదా కట్టారు. గనులకు భూములిచ్చిన కోర్బా పల్లెలు, బూడిద మధ్య బతికే ఊళ్లు మిగతా వాయిదాలు ఏటా కడుతూనే ఉన్నాయి. దేశ రక్షణకు సరిహద్దు గ్రామాలు మోసే భారాన్ని మనం గుర్తిస్తాం. ఇంధన భద్రతకు బొగ్గు జిల్లాలు మోసే భారం మాత్రం ఏ పద్దులోనూ ఆ పేరుతో కనిపించదు.

పైగా ఇంట్లో ఉన్న ఇంధనానికీ గండాలుంటాయి. 2021 వానాకాలం చివర లీలాగర్ నది నీరు దీప్‌కా గనిలోకి చొరబడి తవ్వకం ఆగిపోయింది. కొద్ది రోజుల్లోనే దేశవ్యాప్తంగా బొగ్గు నిల్వలు అడుగంటిన సంక్షోభం వచ్చింది. శత్రువు అక్కర్లేదు, ఒక వాగు పొంగితే చాలు.

బొగ్గు ఆదుకోలేని చోటు

బొగ్గుకు చేతకాని పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది యూరియా. దేశం వాడే గ్యాస్‌లో పెద్ద వాటా ఎరువుల కర్మాగారాలదే. కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి మొదలయ్యే పైప్‌లైన్ గ్యాస్‌తో నడిచే రామగుండం ఎరువుల కర్మాగారం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారుచేయగలదు. గ్యాస్ ఆగితే సీపత్‌లో ఎంత బొగ్గు ఉన్నా రామగుండంలో యూరియా బస్తా నిండదు. 2025 ఖరీఫ్‌లో తెలంగాణ రైతులు యూరియా కోసం బారులు తీరారు. ఆ కొరతకు కారణాలు వేరైనా, ఎరువు పొలానికి చేరకపోతే పల్లెలో ఎంత అలజడి రేగుతుందో ఆ వరుసలే చెప్పాయి.

రెండోది వంటిల్లు. సర్గుజా లాంటి జిల్లాలకూ గ్యాస్ గొట్టాలు వేస్తున్నాం. గొట్టం వచ్చాక పొయ్యి దగ్గర పాత కట్టెలు ఉండవు, సిలిండరూ ఉండదు. ఇవ్వడం తేలిక, ఇచ్చాక ఆపడం అసాధ్యం. మూడోది సాయంత్రపు గిరాకీ. 2024 మే 30న దేశ విద్యుత్ గిరాకీ 250 గిగావాట్ల రికార్డును తాకింది. ఆ వేసవిలో కేంద్రం మళ్లీ 11వ సెక్షన్ ప్రయోగించి, మే, జూన్ నెలల్లో గ్యాస్ కేంద్రాలను నడపమని ఆదేశించింది. పొద్దుగూకి సౌర విద్యుత్తు పడిపోయే వేళ నిమిషాల మీద వేగం పుంజుకోగలిగేవి గ్యాస్ టర్బైన్లు. సీపత్ లాంటి భారీ బొగ్గు యూనిట్లు అంత చప్పున ఎక్కనూ లేవు, దిగనూ లేవు. నిత్యం నడిచేందుకు కట్టిన యంత్రాలవి.

నిల్వ లేని భద్రత

ముడిచమురుకు మనం వ్యూహాత్మక నిల్వలు కట్టుకున్నాం. విశాఖపట్నంలో కొండను తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నులు, మంగళూరు, పాదూరు కలిపి మొత్తం 53.3 లక్షల టన్నులు నిల్వ చేయగలం. సహజవాయువుకు అలాంటి నిల్వ లేదు. దిగుమతి టెర్మినళ్ల ట్యాంకుల్లో ఉండేది కొద్ది రోజుల సరుకు. టెర్మినళ్లలో అత్యధికం గుజరాత్, మహారాష్ట్ర తీరంలోనే ఉన్నాయి. అవి గల్ఫ్‌కు ఎదురుగా ఉన్న తీరాలు. తూర్పున ఎన్నూరు, ధామ్రా ఉన్నాయి. మధ్యలోని పొడవైన ఆంధ్ర తీరంలో కాకినాడ, గంగవరం పేర్లు ఏళ్లుగా వినిపించాయే తప్ప టెర్మినల్ రాలేదు.

చేయవలసిన పనులు దీన్నిబట్టి తేలతాయి. బొగ్గు సాయపడలేని రంగాలు, అంటే ఎరువులు, వంటిళ్లు, సాయంత్రపు కరెంటు, వీటికి కనీసం నెల రోజుల గ్యాస్‌ను వ్యూహాత్మక నిల్వగా ఉంచాలి. ఖాళీ అయిన పాత క్షేత్రాలను అందుకు వాడుకోవచ్చునేమో శ్రద్ధగా పరీక్షించాలి. తూర్పు తీరంలో దిగుమతి సామర్థ్యం పెంచాలి. కేజీ బేసిన్‌లో 2020 తర్వాత మొదలైన కొత్త క్షేత్రాలు దేశీయ ఉత్పత్తిలో దాదాపు మూడో వంతు ఇస్తున్నాయి. డీ6 తొలి విడతలో మోసపోయిన అంచనాలను గుర్తుంచుకుని ఈసారి కర్మాగారాలు కట్టే ముందే నిల్వల లెక్క స్వతంత్రంగా తేల్చాలి. మూలపడ్డ గోదావరి గ్యాస్ కేంద్రాల్లో బాగున్నవాటిని సాయంత్రపు గిరాకీకి సిద్ధంగా ఉంచి, నడవని రోజుల్లోనూ ఆ సన్నద్ధతకు రుసుము చెల్లించాలి. దిగుమతి ఒప్పందాల్లో అమ్మే సంస్థ యాజమాన్యం మారినా సరుకు ఆగకుండా ఉండే షరతులు రాయించుకోవాలి.

చివరిది, ఎక్కువగా మరిచిపోయేది, బొగ్గు జిల్లాల సంగతి. మూడో దశ పూర్తయితే సీపత్ సామర్థ్యం 3,780 మెగావాట్లవుతుంది. గల్ఫ్‌లో తుపాకీ పేలినప్పుడల్లా దేశం ఆ పొగగొట్టాల వైపే చూస్తుంది. బొగ్గుకు, ప్రయాణికులకు వేర్వేరు పట్టాలు వేయడం, కోర్బా గాలి బాగుచేయడం, నిర్వాసితులకు హామీలు నెరవేర్చడం పర్యావరణ శాఖ, రైల్వే శాఖల రోజువారీ వ్యవహారాలుగా మిగిలిపోకూడదు. ట్యాంకులకూ యుద్ధనౌకలకూ కేటాయించినట్టే, ఇంధన భద్రత పద్దు కింద వాటికి నిధులు కేటాయించాలి. మరో 20 ఏళ్ల పాటు హోర్ముజ్ దాటి వచ్చే గ్యాస్‌కు సంతకం చేసిన దేశం, ఆ దారి మూసుకున్న రోజున తనను నిలబెట్టే నేలకు ఆ మాత్రం బాకీ ఉంది.